బాపు పెట్టిన బంగారు పిన్ను

మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో కంప్యూటర్ల గది ఒకటుంది. పేరుకే గది, అందులో సగం యంత్రాలకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బే. మొన్న వాటిలో ఒకటి పూర్తిగా కళ్ళు మూసింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి దాని పొట్ట విప్పి, ప్రాసెసర్‌ను బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. అగ్గిపెట్టెలో పట్టేంత పలక. దాని అడుగున వరసలు వరసలుగా, వెంట్రుకకంటే కాస్త లావున్న పసుపుపచ్చని పుల్లలు. ఒక మూలన ఒక పుల్ల లేదు. “పిన్ను విరిగింది సార్. ఇగ దీన్ని పారేసుడే” అన్నాడు. “ఒకసారి పెట్టి చూడు, నడిచినా నడుస్తది” అన్నాను. తెలుగు సారుకు ఇందులో ఏం తెలుసన్నట్టు నా మొహంలోకి చూసి, పెద్దవాణ్ణి కాదనలేక పెట్టి చూశాడు. నడవలేదు. అన్నీ నడవాలని ఎక్కడా లేదు. నేను మాత్రం ఆ తర్వాతి పీరియడులో పిల్లలకు పద్యం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. మా బాపు గుర్తుకొచ్చాడు. ఆయన గుర్తుకొస్తే నాకు ఆ రోజంతా ఏ పనీ సాగదు.

మాది జనగామ. బాపు అవుసుల పని, అంటే బంగారం వెండి పని, చేసేవాడు. వీధిలోకి తెరుచుకునే ముందు గదిలో ఆయన కుంపటి ఉండేది. పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి చల్లే పేడనీళ్ళ వాసన, దాని వెనకే బొగ్గులు రాజుకునే వాసన, చింతపండు పులుసులో ఉడికే వెండి పట్టీల వాసన. ఈ మూడూ వరసగా వస్తేనే మా ఇంట్లో తెల్లవారినట్టు. బాపు కుంపటి ముందు కూర్చునే ముందు మాట్లాడేవాడు కాదు. చాయ్ తాగి, కాళ్ళు కడుక్కుని, ఊదుగొట్టం కళ్ళకద్దుకుని, మొదటి నిప్పు కణిక ఎర్రబడ్డాకే నోరు తెరిచేవాడు. చేసేవి పెద్ద నగలేమీ కావు. బచ్చన్నపేట దిక్కునుంచి వచ్చే రైతుల పుస్తెలు, కొడకండ్ల తండాల ఆడవాళ్ళ వెండి, పసిపిల్లల మొలతాళ్ళు. పాత సొమ్ము ఏది వచ్చినా ముందు కుంకుడు రసంలో వేసి, మెత్తని కుంచెతో తోమి, ఎండలో పెట్టి, అప్పుడు బేరం మాట్లాడేవాడు. మురికి పట్టిన బంగారాన్ని చూస్తే ఆయనకు ఒంటిమీద ఏదో పాకినట్టుండేది. పెళ్ళిళ్ళలో ఎవరి మెడలోనైనా మాసిన గొలుసు కనిపిస్తే భోజనం మీద మనసు పోయేది కాదు. అమ్మ మోచేత్తో పొడిచేది.

తర్వాత మెయిన్‌రోడ్డు మీద అద్దాల కొట్లు వచ్చాయి. చల్లని గదిలో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఎక్కడో మరలో పోసిన గొలుసును అప్పటికప్పుడు మెడలో వేసి పంపేవారు. బాపు దగ్గరికి తెగిన గొలుసులు అతికించుకునేవాళ్ళే మిగిలారు. ఆ కాలంలోనే మా సరళక్క డిగ్రీ అయిపోయి డి.టి.పి. నేర్చుకుంది. మహబూబాబాద్‌లో మాకు తెలిసినాయన ఇంటర్నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే అక్కడి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని, ముందు గదిలో సగం తీసుకుంది. మిగతా సగంలో బాపు. నిప్పుకూ యంత్రానికీ పొసగలేదు. కుంపటి బూడిద లేచి లోపలి పంకాలో చేరేది, కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయేది. హనుమకొండ నుంచి వచ్చి బాగుచేసే ఖలీల్ భాయ్ రెండోసారి కూడా అదే చెప్పాక, అక్క ఒకరోజు నేల చూస్తూ అంది: “బాపూ, కుంపటి జర ఎనకకు పెట్టుకుంటవా?” ఆ సాయంత్రమే బాపు కుంపటీ పీటా మోసుకుని వెనక రేకుల కిందికి పోయాడు. ముందు గదిలో ఆయన కూర్చున్న చోట నేల నల్లగా, నున్నగా ఉండేది. అక్క దాని మీద చాప పరిచింది.

ఇల్లు మాత్రం అక్క మీదే నడిచింది. అవి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. కరపత్రాలు, పాటల కాగితాలు, దీక్షా శిబిరాల బ్యానర్ల మీది మాటలు, చనిపోయిన పిల్లల ఫొటోల కింద వేసే జోహార్లు, అన్నీ మా అక్కే టైపు చేసేది. ఆ ఫొటోలు వచ్చిన రోజు ఆమె అన్నం తినేది కాదు. బందు రోజుల్లో షట్టర్ సగం దించి లోపల లైటు వేసుకుని కొట్టేది. నేను ఇంటర్ చదువుతున్నాను, చదువుతున్నానని అందరూ అనుకుంటున్నారు. కాలేజీ నడిస్తే కదా. భూపాలపల్లిలో ఉండే మా మామ వచ్చినప్పుడల్లా బాపును ఒకే మాట అడిగేవాడు. “బావా, మా దగ్గరికి రారాదు. గోదాముకు వాచ్‌మన్ కావాల్నంటున్నరు. కూసునే పనే.” బాపు తల అడ్డంగా ఊపేవాడు. “చేతిల పని ఉండంగ కుర్చీల కూసుంట ఎట్ల? ఇంటికి అక్కరకొచ్చే పని ఒక్కటి నా చేతుల ఉన్నన్ని రోజులు నేను రాను” అనేవాడు. మామ వెనక రేకుల కింద చల్లారిన కుంపటి వైపు చూసేవాడు. ఆ పని ఏదో ఎవరికీ తెలియదు. బాపు రోజూ దాన్నే వెతుక్కుంటున్నట్టు నాకు అనిపించేది.

సకల జనుల సమ్మె అప్పుడే దసరా వచ్చింది. బస్సుల్లేవు, రైళ్ళు ఎక్కడ ఆగుతాయో తెలియదు, కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. దసరాకు పనిముట్లు కడిగి బొట్టుపెట్టడం మా ఇంట్లో బతుకమ్మ కంటే పెద్ద పండుగ. సుత్తి, పటకారు, ఆకురాయి, తీగ సాగదీసే చిల్లుల పలక, త్రాసు, అన్నీ విప్పగలిగినంత విప్పి, కడిగి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టి, పసుపూ కుంకుమా పెట్టాలి. విప్పకుండా పైపైన తుడిచి బొట్టుపెడితే బాపు దృష్టిలో అది పూజ కాదు, బుకాయింపు. సద్దుల బతుకమ్మ రోజు అమ్మా అక్కా తంగేడు పూల కోసం ఊరి బయటికి పోయారు. బాపు తన పనిముట్లు ముగించుకుని ముందు గదిలోకి వచ్చాడు. “ఇప్పుడు మనకు బువ్వ పెడ్తున్నది గిది. దీన్ని ఇడిసిపెడ్తే ఎట్ల?” అన్నాడు. ఖలీల్ భాయ్ విప్పుతుంటే పక్కన కూర్చుని చూసిన మనిషి కాబట్టి డబ్బా తెరిచాడు, పంకా తీశాడు, కొక్కెం పైకెత్తి ప్రాసెసర్‌ను బయటికి తీశాడు. అందులో తప్పేముందో నాకూ తోచలేదు. మమ్మల్ని పోషించేది ఏదైనా దసరాకు కడగాల్సిందేనని నేనూ నమ్మినవాణ్ణే.

పలకను తిప్పి చూసి బాపు కళ్ళు పెద్దవయ్యాయి. “ఇంత బంగారముందారా దీంట్ల?” అన్నాడు. పుల్లల మధ్య బూడిద, జిడ్డు. అది చూశాక ఇక ఆయన ఆగలేదు. కుంకుడు రసం తెచ్చి, తన మెత్తని కుంచెతో, పసిపిల్ల చెవి కడిగినట్టు తోమాడు. ఎక్కడో కుంచె వెంట్రుక చిక్కుకుని మూలనున్న ఒక పుల్ల వంగింది. బాపు కంగారుపడలేదు. బంగారు తీగను ఎన్నిసార్లు వంచినా చెప్పినట్టు వింటుంది, అది ఆయన జీవితమంతా చేసిన పని. చిమటాతో, ఆ సన్నని పటకారుతో పట్టుకుని అదే నమ్మకంతో నిలబెట్టాడు. పుల్ల టిక్కుమని విరిగి గుడ్డ మీద పడింది. బాపు దాన్ని వేలి కొసకు అంటించుకుని వెలుతురులో చూశాడు. “పైన పూతే” అన్నాడు మెల్లగా. “లోపల ఇంకేదో ఉన్నది. నన్ను మోసం జేసిందిరా ఇది.”

అక్క పూలగంపతో లోపలికి వచ్చింది. గుడ్డ మీద పరిచిన యంత్రం ముక్కలనూ, వాటి మీది పసుపు బొట్లనూ చూసింది. విరిగిన పుల్లను బాపే చూపించాడు, దాచలేదు. అక్క గంప కింద పెట్టింది. “నీ పని పోయిందని నా పని గూడ పోగొడ్తవా బాపూ?” అంది. గట్టిగా కూడా అనలేదు. అమ్మ “సరళా” అని ఒక్కసారి పిలిచింది, అంతే. ఆ సాయంత్రం వాడకట్టులో అందరూ బతుకమ్మలు పేర్చుకుని పోయారు. మా అక్క పోలేదు. నైవేద్యానికి చేసిన సత్తుపిండి గిన్నె మూత కూడా ఎవరూ తీయలేదు. పాటలు వినిపిస్తుంటే నలుగురం నాలుగు మూలల కూర్చున్నాం. ఇన్నేళ్ళయినా సద్దుల పాట దూరంగా వినిపిస్తే నాకు ఆ ఇంటి నిశ్శబ్దమే గుర్తొస్తుంది.

ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేశాం. బండ్లు నడవవు, రాలేడు. “పిన్ను పోతే ఏం జెప్పలేం సరళమ్మా” అన్నాడు. “ఒక్కోసారి నడుస్తది. ఒక్కోసారి బోర్డు గూడ కాలుతది. నేనొచ్చేదాక కరెంటు పెట్టకు.” కొత్తది తెచ్చుకునే తాహతు లేదు, తెచ్చేందుకు దారీ లేదు. బాపు ఈ మాటలన్నీ గడపలో నిలబడి విన్నాడు. కాసేపటికి ప్రాసెసర్‌ను అడిగి తీసుకుని, భూతద్దం కన్నుకు పెట్టుకుని, పక్క పుల్లల లావూ పొడవూ చూశాడు. వేడి పెట్టి అతికిస్తానన్నాడు. వేడికి మొత్తమే పోతుందని అక్క మొహం తిప్పుకుని చెప్పింది. “అయితే ఆ పుల్ల దిగే కింది రంధ్రంల తీగ నిలబెడ్త. పైన ఇరిగిన పుల్ల మొదలుకు తాకితే సాలు గదా” అన్నాడు. అమ్మ లోపలికి పోయి, తన పాత ముక్కుపుల్ల విరిగిన ముక్క తెచ్చి బాపు చేతిలో పెట్టింది.

దసరా పొద్దున రేకుల కింద కుంపటి మళ్ళీ రాజుకుంది. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో ఆ వాసన. బాపు బంగారాన్ని కరిగించి, కడ్డీ చేసి, చిల్లుల పలకలో ఒక చిల్లులోంచి ఇంకా సన్నని చిల్లులోకి లాగుతూ, మధ్య మధ్య కాల్చి మెత్తబరుస్తూ, మళ్ళీ లాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఈ మధ్య చాయ్ గ్లాసు పట్టుకుంటే వణికే చేతులు ఆ రోజు నిలకడగా ఉన్నాయి. భోజనానికి పిలిస్తే “ఆగు” అన్నాడు, పని ఉన్న మగవాడు అన్నట్టు కాస్త విసుగ్గా. ఆ విసుగు విని అమ్మ మొహం విప్పారింది. పొద్దుగూకుతుంటే జమ్మి తేవడానికి అందరం పోయాం, బాపును కూడా బలవంతాన లేపి తీసుకుపోయాం. అక్క తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం బంగారం అంటూ కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చుకుంటుంటే, బాపు మనసు మాత్రం ఇంట్లో ఉన్న తీగ మీదే ఉంది.

మరునాడు తీగను కావలసినంత కత్తిరించి, చిమటాతో రంధ్రంలో నిలబెట్టాడు. అక్క పలకను దాని మీద దించి, కొక్కెం నొక్కి, పంకా బిగించింది. కరెంటు రావడానికి మధ్యాహ్నమైంది. అక్క స్విచ్ వేసింది. పంకా తిరిగింది, తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి. బాపు వచ్చి తెర ముందు నేల మీద కూర్చున్నాడు. అక్క ఆయన పక్కన కూర్చుని, “నడిచింది బాపూ” అంది. వాడకట్టంతా తెలిసింది. శిబిరం నుంచి కరపత్రాల కోసం వచ్చిన పిల్లలు “చారి పెద్దబాపు కంప్యూటర్‌కు బంగారు పన్ను కట్టిండట” అని నవ్వుతూ ఆయనతో చెయ్యి కలిపి పోయేవారు. బాపు కుంపటి రోజూ రాజేశాడు. చేయడానికి ఏమీ లేకపోయినా రాజేశాడు. మామ ఫోన్ చేస్తే, “నాతోని ఇంట్ల పని పడ్తున్నది. ఇప్పుడు రాను” అన్నాడు. ఆ కొద్ది రోజులు మా బాపు నిటారుగా నడిచాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక ఖలీల్ భాయ్ వచ్చాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు. ఇష్టంగానే విప్పి, బంగారు తీగను చూసి, “వాహ్, ఏం పనితనం పెద్దాయనా” అన్నాడు. ఆ తర్వాత తనతో తెచ్చుకున్న పిన్నుల పటం కాగితం మీద ఆ మూలను వెతికి, మామూలుగా చెప్పాడు. “కానీ ఈ పిన్ను లేకున్నా ఇది నడుస్తుండె. ఇసుంటియి చానా ఉంటయి, అన్నీ ఒక్క పనే జేస్తయి. ఒకటి పోతే పక్కది చూసుకుంటది.” ఖలీల్ భాయ్ దృష్టిలో అది శుభవార్త. బాపు ఆ తీగ వైపు చూసి, “అంటే నేను పెట్టింది ఉత్తదేనా?” అని అడిగాడు. ఖలీల్ భాయ్‌కి అప్పుడు అర్థమై, “ఉత్తది ఎందుకైతది” అంటూ ఏదో సర్దబోయాడు. బాపు అక్క వైపు తిరిగాడు. “తీసి చూడు సరళా.” అక్క “ఎందుకు బాపూ, నడుస్తున్నదాన్ని” అంది. “తీసి చూడు బిడ్డా” అన్నాడు మళ్ళీ. అక్క తీగను బయటికి తీసింది, మిగతావన్నీ బిగించింది, స్విచ్ వేసింది. పంకా తిరిగింది. తెల్లని అక్షరాలు ఎప్పటిలాగే వచ్చాయి. బాపు తల ఊపి, “మంచిదే. బంగారం మిగిలింది” అన్నాడు. తీగను అమ్మకు ఇచ్చేసి, వెనక్కి పోయి కుంపటి మీద నీళ్ళు చల్లాడు. ఆ బుస్సుమన్న చప్పుడు ముందు గది దాకా వినిపించింది.

దీపావళి వెళ్ళాక ఆయనే మామకు ఫోన్ చేశాడు. భూపాలపల్లిలో గోదాము ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు అందరూ రంగులు చల్లుకుంటుంటే నేను ఫోన్ చేసి “బాపూ, వచ్చింది” అన్నాను. “వచ్చిందా, మంచిదే” అన్నాడు, పక్కింటివాళ్ళ శుభకార్యం విన్నట్టు. మరుసటి వానాకాలంలో పోయాడు. జబ్బు పేరు డాక్టరు ఏదో చెప్పాడు గాని, నాకు దాని మీద నమ్మకం లేదు. అక్కను మామ కొడుక్కే ఇచ్చారు, ఆమె కాపురం ఇప్పుడు భూపాలపల్లిలోనే. నాకు ఉద్యోగం వచ్చింది. కరెంటు పోవడం లేదు, బస్సులు నడుస్తున్నాయి, ఏ యంత్రం చెడినా సాయంత్రానికి కొత్తది ఇంటికి వస్తుంది. వీటి కోసమే కదా అన్నేసి రోజులు రోడ్ల మీద కూర్చున్నాం. వచ్చిన వాటిని కాదనను. కాని ఒక మనిషి తన చేతి పని ఇంటికి అక్కరకొస్తుందని రుజువు చేసుకోవడానికి పొద్దంతా ఆకలి మరచి కూర్చోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

బడిలో ఆ ప్రాసెసర్ చూసిన వారమే అక్క దగ్గరికి పోయాను. గనుల బొగ్గు దుమ్ము పడకుండా కిటికీలన్నీ మూసుకుని ఉంటుంది ఆమె ఇల్లు. చాయ్ తాగుతూ బడి సంగతి చెప్పాను. అక్క ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది. తర్వాత అంది: “నాకు ముందే ఎరుక రా. జమ్మికి మీరంత పోయినప్పుడు ఆ పుల్ల లేకుంటనే బిగించి చూసిన. కాలితే కాలనీ అనుకున్న. నడిచింది. మల్ల ఇప్పి, బాపు పెట్టిన తీరుగనే గుడ్డ మీద పెట్టిన.”

“మరి చెప్పకపోతివి?”

“ఎట్ల చెప్తనురా. నేనన్న మాట అన్నంక, ఆయన ఒక్క రోజు మంచిగ పని జేసుకుంట కూసున్నడు. అది ఉత్తదే అని నేను చెప్తనా?”

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. “అయితే ఖలీల్ భాయ్ ముందట తీయమన్ననాడు ఏదన్న చేయొద్దా అక్కా. ఎనకాల వైరు కొంచెం ఊడగుంజితే నడవకపోయేది. పిన్ను లేకుంటే నడుస్తలేదని బాపు అనుకునేటోడు.”

“గుంజుదామనే చెయ్యి ఎనకకు పెట్టిన” అంది అక్క. “వైరు నా వేళ్ళల్లనే ఉండె. బాపు తెర దిక్కు చూస్తలేడు రా. నా చెయ్యి దిక్కు చూస్తుండు.”